హైస్కూల్లో కాలేజీ క్రెడిట్ క్లాసు: కొనసాగించాలా, మధ్యలో తప్పుకోవాలా?

ఇషా నమాజు అయ్యాక గూడూరులో ఫోను మోగుతుంది. టెక్సస్‌లో అప్పుడు ఉదయం. మనవరాలు పదకొండో తరగతి. "కాలేజీ క్లాసు ఒకటి మానేద్దామనుకుంటున్నా నానీ" అంటుంది. ఇటు నానీకి గుండె జారిపోతుంది. "ఏందమ్మా, కాలేజీ మానేస్తావా? మజ్జలో మానుకుంటే ఎట్లా?" అని కంగారు. అటు తల్లిదండ్రులదీ సగం అదే కంగారు. వాళ్లు చదివింది ఇక్కడి ఇంటర్, ఇక్కడి డిగ్రీ. అమెరికా హైస్కూలు లెక్కలు వాళ్లకూ కొత్తే.

గూడూరు, నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన తెలుగు ముస్లిం కుటుంబాల్లో ఇప్పుడు పిల్లలు హైస్కూలు వయసుకొచ్చారు. ఈ ప్రశ్న చాలా ఇళ్లలో వస్తోంది. నిర్ణయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ దాని జాడ పిల్లల రికార్డులో ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకే తెలుసుకోవాల్సిన విషయాలు ఒకచోట.

అసలు ఈ క్లాసు ఏమిటి?

మన దగ్గర పదో తరగతి అయితే చాలు, పిల్లలు 'కాలేజీ'లో చేరారంటాం. అది జూనియర్ కాలేజీ, ఇంటర్. అమెరికాలో పదకొండు, పన్నెండు తరగతులు కూడా హైస్కూలే. అక్కడ కాలేజీ అంటే డిగ్రీ చదువే. కాబట్టి 'హైస్కూల్లో కాలేజీ క్రెడిట్ క్లాసు' అంటే మన లెక్కలో ఇంటర్ చదువుతూనే డిగ్రీ మొదటి సంవత్సరం పేపరు ఒకటి పూర్తిచేయడం లాంటిది. ఆ క్లాసు మానేస్తే హైస్కూలు మానేసినట్టు కాదు. ఈ ఒక్క మాట నానీకి చెబితే సగం కంగారు తగ్గుతుంది.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఏ రకమో తెలియకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

మొదటిది డ్యూయల్ క్రెడిట్, లేదా డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్. పిల్లాడు హైస్కూల్లో ఉంటూనే దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలోనో యూనివర్సిటీలోనో విద్యార్థిగా నమోదవుతాడు. గ్రేడు ఆ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో పడుతుంది. ఈ పద్ధతిని రాష్ట్రం మొత్తానికి మొదట తెచ్చింది మిన్నెసోటా, 1985లో. వాషింగ్టన్ రాష్ట్రం 1990లో చట్టం చేసి 'రన్నింగ్ స్టార్ట్' తెచ్చింది. ఒహాయోలో 2015 నుంచి 'కాలేజీ క్రెడిట్ ప్లస్' నడుస్తోంది.

రెండోది ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఈ ఏపీకి మన ఆంధ్రప్రదేశ్‌తో సంబంధం లేదు. కాలేజ్ బోర్డు అనే సంస్థ నడిపే కోర్సు ఇది. క్లాసు హైస్కూల్లోనే. మే నెలలో బోర్డు పరీక్ష, 1 నుంచి 5 వరకు స్కోరు. స్కోరు బాగుంటే తర్వాత చేరే కాలేజీ దాని నిబంధనల ప్రకారం క్రెడిట్ ఇవ్వచ్చు, ఇవ్వకపోవచ్చు.

తేడా ఎక్కడుందంటే: ఏపీ క్లాసు మానేస్తే ఆ విషయం హైస్కూలు రికార్డు వరకే. డ్యూయల్ క్రెడిట్ క్లాసు మానేస్తే అది కాలేజీ రికార్డు. పిల్లాడికి పదహారేళ్లే అయినా, అతని కాలేజీ చరిత్ర అప్పుడే మొదలైపోయినట్టు.

'డ్రాప్' వేరు, 'విత్‌డ్రా' వేరు

పిల్లలు ఈ రెండు మాటల్నీ ఒకే అర్థంలో వాడేస్తుంటారు. కాలేజీ లెక్కలో రెండూ ఒకటి కావు.

డ్రాప్: సెమిస్టరు మొదటి రోజుల్లో, కాలేజీ పెట్టిన గడువులోపు పేరు తీయించుకోవడం. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆ క్లాసు ఊసే ఉండదు. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో మామూలు ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లకు ఈ గీత 'సెన్సస్ డేట్', అంటే 12వ తరగతి దినం. ఒహాయో కాలేజీ క్రెడిట్ ప్లస్‌లో కోర్సు మొదలైన 14వ రోజు వరకు తప్పుకుంటే కుటుంబానికి ఖర్చు పడదు.

విత్‌డ్రా: ఆ గడువు దాటాక, చివరి తేదీలోపు తప్పుకోవడం. కోర్సు పేరు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంటుంది, గ్రేడు స్థానంలో 'డబ్ల్యూ' అని పడుతుంది. ఈ చివరి తేదీ చాలా కాలేజీల్లో సెమిస్టరు సగం దాటాక, మూడు వంతుల్లో రెండు వంతులు అయ్యే సమయానికి అటూ ఇటూ ఉంటుంది.

ఏమీ చేయకుండా క్లాసుకు వెళ్లడం మానేయడం: ఇదే అన్నిటికన్నా ప్రమాదం. వెళ్లకపోతే పేరు దానంతట అదే పోతుందని పిల్లలు అనుకుంటారు. చాలాచోట్ల పోదు. సెమిస్టరు చివర్లో 'ఎఫ్' వచ్చి కూర్చుంటుంది.

హైస్కూలుకూ ఒక గడువు ఉంటుంది, కాలేజీకీ ఒకటి ఉంటుంది. రెండూ ఒకే రోజు ఉండాలని లేదు. రెండు తేదీలూ కాగితం మీద రాసుకుని ఫ్రిజ్ మీద అంటించుకోవడం మంచిది. ఎనిమిది వారాల కోర్సయితే ఈ తేదీలు ఇంకా ముందే వచ్చేస్తాయి.

డబ్ల్యూ మంచిదా, తక్కువ గ్రేడు మంచిదా?

డబ్ల్యూ జీపీఏ లెక్కలోకి రాదు. ఎఫ్ వస్తుంది, సున్నాగా. మూడేసి క్రెడిట్ల కోర్సులు రెండు తీసుకున్న విద్యార్థిని చూద్దాం. ఒకదాంట్లో ఏ గ్రేడు (4 పాయింట్లు) ఖాయం. రెండోదాని ఫలితాన్ని బట్టి కాలేజీ జీపీఏ ఇలా మారుతుంది:

- రెండోది సీ అయితే: 3.0
- రెండోది డీ అయితే: 2.5
- రెండోది ఎఫ్ అయితే: 2.0
- రెండోది డబ్ల్యూ అయితే: 4.0

లెక్క చూస్తే డబ్ల్యూనే మేలనిపిస్తుంది. కానీ డబ్ల్యూకి క్రెడిట్ లేదు, సీకి ఉంది. సీ వస్తే చాలా ప్రభుత్వ యూనివర్సిటీలు బదిలీ క్రెడిట్‌గా తీసుకుంటాయి. డీ అయితే చాలాచోట్ల తీసుకోరు. కాబట్టి గీత సీ దగ్గర ఉంది. సీ వచ్చే దారి ఉంటే కష్టపడి నిలబడటంలో అర్థముంది. డీ, ఎఫ్ వైపు జారుతుంటే డబ్ల్యూ తక్కువ నష్టం.

మన ఇంటర్‌తో పోల్చుకుంటే ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఇంటర్‌లో పేపరు పోతే సప్లిమెంటరీ రాసి గట్టెక్కుతాం. అమెరికా కాలేజీల్లో కోర్సు మళ్లీ చదివి మంచి గ్రేడు తెచ్చుకుంటే చాలాచోట్ల జీపీఏకి కొత్త గ్రేడే తీసుకుంటారు. అయినా పాత ఎఫ్ ట్రాన్‌స్క్రిప్ట్ మీద కనిపిస్తూనే ఉంటుంది. "పోతే పోయింది, సప్లీ రాసుకుందువులే" అన్న మన ధైర్యం అక్కడ పనిచేయదు.

మిగిలిన మార్కుల లెక్క

భయంతోనో ఆశతోనో కాకుండా అంకెలతో చూడాలి. ప్రతి కోర్సుకీ 'సిలబస్' అనే కాగితంలో ఏ పరీక్షకు ఎంత శాతమో రాసి ఉంటుంది. సీ రావాలంటే 70 కావాలనుకుందాం.

సెమిస్టరు మార్కుల్లో 30 శాతం అయిపోయి, అందులో సగటు 55 ఉంటే, మిగిలిన 70 శాతంలో సుమారు 76 సగటు తెచ్చుకుంటే సరిపోతుంది. కష్టమే కానీ సాధ్యం. అదే 60 శాతం మార్కులు అయిపోయాక సగటు 55 ఉంటే, మిగిలిన 40 శాతంలో 92.5 సగటు రావాలి. ఇప్పటిదాకా 55 తెచ్చుకున్నవాడు ఒక్కసారిగా 92 తేగలడా? ఈ ప్రశ్నకు ఇంట్లో నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి.

తల్లిదండ్రులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. అదే పిల్లాడు, అదే 55. నెల ముందు తెలిస్తే దారి ఉంది, నెల తర్వాత తెలిస్తే లేదు. కాబట్టి "మార్కులు తక్కువొచ్చాయి" అని పిల్లలు ముందే చెప్పగలిగే వాతావరణం ఇంట్లో ఉండాలి. తిడతారని దాచిపెట్టే ఇంట్లోనే డబ్ల్యూ గడువు దాటిపోతుంది.

డబ్బు సంగతి, వడ్డీ సంగతి

మన కుటుంబాల్లో చాలామంది ఈ క్లాసులు ఎంచుకోవడానికి ఒక ప్రత్యేక కారణముంది. అమెరికాలో డిగ్రీ అంటే చాలామందికి స్టూడెంట్ లోను, లోనంటే వడ్డీ. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే ఇంట్లో, హైస్కూల్లోనే ఉచితంగానో తక్కువ ఖర్చుతోనో వచ్చే ప్రతి క్రెడిటూ రేపు తీసుకోనక్కర్లేని అప్పు. అందుకే క్లాసు మానేయడమంటే తల్లిదండ్రులకు మనసొప్పదు. ఆ బాధ న్యాయమైనదే. కానీ ఎఫ్ వస్తే ఆ క్రెడిట్ ఎలాగూ రాదు, పైగా స్కాలర్‌షిప్‌లకు జీపీఏ అడ్డం పడుతుంది. వడ్డీ తప్పించుకోవాలంటే స్కాలర్‌షిప్ దారి తెరిచి ఉంచుకోవడం కూడా అంతే ముఖ్యం.

ఖర్చు ఎవరు భరిస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

టెక్సస్: 2023లో వచ్చిన చట్టంతో 'ఫాస్ట్' అనే పథకం మొదలైంది. స్కూల్లో ఉచిత లేదా రాయితీ భోజనానికి అర్హత ఉన్న పిల్లలకు, పథకంలో చేరిన కాలేజీల్లో డ్యూయల్ క్రెడిట్ ఉచితం. టెక్సస్‌లో ఇంకో నియమం వినిపిస్తుంటుంది: 2007 ఫాల్ నుంచి చేరినవాళ్లు ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ మొత్తం మీద ఆరు కోర్సుల కంటే ఎక్కువ డ్రాప్ చేయకూడదు. హైస్కూల్లో ఉండగా మానేసిన డ్యూయల్ క్రెడిట్ క్లాసు ఈ ఆరింటి లెక్కలోకి రాదు.

ఒహాయో: 14 రోజుల తర్వాత తప్పుకున్నా, ఫెయిలైనా ఆ ఖర్చును స్కూల్ డిస్ట్రిక్ట్ కుటుంబం నుంచి అడగొచ్చు. ఆర్థికంగా వెనకబడిన కుటుంబాలకు మినహాయింపు ఉంది. ఒకే టర్ములో రెండు లేదా అంతకంటే ఎక్కువ కోర్సులు మానేస్తే విద్యార్థిని వెనకబడినవాడిగా గుర్తించి తర్వాతి టర్ములో ఆంక్షలు పెడతారు.

వాషింగ్టన్: రన్నింగ్ స్టార్ట్‌లో పరిమితి మేరకు ట్యూషన్ ఉండదు. పుస్తకాలు, కొన్ని ఫీజులు, రాకపోకలు కుటుంబానివే.

ఏపీ పరీక్ష: ఫీజు సుమారు 100 డాలర్లు. పరీక్ష నమోదు నవంబరులోనే జరిగిపోతుంది. ఆ తర్వాత రద్దు చేసుకుంటే 40 డాలర్లు పోతాయి. ఆ 40 డాలర్ల కోసం ఏడాదంతా నలిగిపోవాల్సిన పనిలేదు.

డబ్ల్యూ ఎవరెవరికి కనిపిస్తుంది?

కాలేజీ అడ్మిషన్లలో: ఒక్క డబ్ల్యూ ఉంటే దరఖాస్తు పాడైపోదు. వరసగా రెండు మూడు ఉంటేనే ప్రశ్న వస్తుంది. కానీ పన్నెండో తరగతిలో మానేస్తే జాగ్రత్త. దరఖాస్తులో చదువుతున్నట్టు రాసిన క్లాసు మానేస్తే, దరఖాస్తు పెట్టిన యూనివర్సిటీలకు తెలియజేయాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అయితే ఇది తప్పనిసరి అంటుంది. చెప్పకుండా దాచితే వచ్చిన సీటే పోవచ్చు. ఉన్నది ఉన్నట్టు రాసి కారణం రెండు వాక్యాల్లో చెబితే చాలావరకు ఇబ్బంది ఉండదు.

ఫెడరల్ సాయంలో: డిగ్రీలో చేరాక పెల్ గ్రాంటు వంటివి అందుకోవాలంటే 'సంతృప్తికరమైన ప్రగతి' చూపాలి. చాలా కాలేజీలు తీసుకున్న క్రెడిట్లలో కనీసం 67 శాతం పూర్తిచేయాలంటాయి. డబ్ల్యూ తీసుకున్నదాంట్లో లెక్కకొస్తుంది, పూర్తిచేసినదాంట్లో రాదు. తర్వాత అదే కాలేజీలో చేరే ఆలోచన ఉంటే ఇది మరీ ముఖ్యం.

డాక్టరు, లాయరు చదువుల్లో: మన ఇళ్లలో చాలామంది కల డాక్టరే. అమెరికా మెడికల్ కాలేజీల ఉమ్మడి దరఖాస్తులో, హైస్కూల్లో తీసుకున్న కాలేజీ కోర్సులూ రాయాలి, మధ్యలో మానేసినవీ రాయాలి. ఆ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ కూడా పంపాలి. పదహారేళ్ల వయసులో కెమిస్ట్రీలో తెచ్చుకున్న ఎఫ్, ఇరవై రెండేళ్లప్పుడు సైన్స్ జీపీఏలో కూర్చుంటుంది. అదే డబ్ల్యూ అయితే పేరు కనిపిస్తుంది కానీ లెక్కలోకి రాదు. లా కాలేజీల దరఖాస్తులోనూ హైస్కూల్లో చేసిన కాలేజీ కోర్సుల ట్రాన్‌స్క్రిప్ట్‌లు అడుగుతారు.

ఎప్పుడు నిలబడాలి, ఎప్పుడు తప్పుకోవాలి?

ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే నిర్ణయం చాలావరకు తేలుతుంది.

1. ఈ క్లాసు హైస్కూలు పాసవ్వడానికి కావాలా? టెక్సస్‌లో డ్యూయల్ క్రెడిట్ ఇంగ్లిష్ చాలామందికి పన్నెండో తరగతి ఇంగ్లిష్ స్థానంలో లెక్కకొస్తుంది. గవర్నమెంట్ కోర్సు కూడా అంతే. దాన్ని మానేస్తే హైస్కూలు ఇంగ్లిష్‌కే గండి. మానేసే ముందే, బదులుగా ఏ క్లాసులో చేరుస్తారో కౌన్సెలర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.

2. కష్టం సబ్జెక్టులో ఉందా, సమయంలో ఉందా? మూడు క్రెడిట్ల కోర్సుకు క్లాసు కాక వారానికి ఆరు గంటలదాకా చదువు కావాలి. సబ్జెక్టు అర్థం కాకపోతే ట్యూటరింగ్ సెంటరు, ప్రొఫెసరు ఆఫీస్ అవర్స్ ఉన్నాయి. కాలేజీల్లో ఇవి చాలావరకు ఉచితం. సమయం లేకపోతే వేరే పని ఒకటి తగ్గించుకోవాలి. రెండూ చేసి చూశాక కూడా కుదరకపోతే అప్పుడు తప్పుకోవడం.

3. ఈ ఒక్క క్లాసు మిగతావాటిని లాగేస్తోందా? ఒక్కదాన్ని మోయడానికి మిగతా నాలుగింట్లో గ్రేడు పడిపోతుంటే, ఒకటి వదిలి నాలుగు నిలుపుకోవడమే తెలివి.

4. నిద్ర, ఆరోగ్యం, మనసు ఎలా ఉన్నాయి? తిండి తగ్గి, రాత్రుళ్లు నిద్ర లేక, గదిలోంచి బయటికి రాకుండా ఉంటే అది గ్రేడు సమస్య కాదు. ముందు డాక్టరు. అనారోగ్యం కారణంగా తప్పుకుంటే చాలా కాలేజీల్లో 'మెడికల్ విత్‌డ్రాయల్' అని వేరే దారి ఉంటుంది.

5. ఈ కోర్సు రేపటి చదువుకు పనికొస్తుందా? ఇంజినీరింగ్ వెళ్లే పిల్లకు కాల్‌క్యులస్ పునాది. అది సగంసగం అర్థమై సీతో బయటపడి, డిగ్రీలో నేరుగా పై క్లాసులో కూర్చుంటే అక్కడ ఇంకా కష్టం. అలాంటప్పుడు ఇప్పుడు తప్పుకుని డిగ్రీలో మొదటినుంచీ చదవడం నష్టం కాదు.

6. ఎందుకు చేరారు? పక్కింటి పిల్లలు చేరారనా, స్నేహితులంతా ఉన్నారనా, ఇష్టమనా? మొదటి రెండే కారణాలైతే వదిలేయడానికి సిగ్గుపడనక్కర్లేదు.

రంజాన్ వచ్చినప్పుడు

2026 నుంచి 2028 వరకు రంజాన్ జనవరి చివరికీ మార్చి మూడో వారానికీ మధ్య వస్తుంది. అంటే సరిగ్గా స్ప్రింగ్ సెమిస్టరు మధ్యలో. సెహ్రీకి లేవడం, రోజా, తరావీహ్, మళ్లీ పొద్దున్నే స్కూలు. ఆ వారాల్లో ఏ క్లాసైనా బరువుగానే ఉంటుంది. రోజాలో అలసిపోయిన సాయంత్రం "ఇక నా వల్ల కాదు" అన్న మాట మీద వెంటనే ఫారం నింపకూడదు. చాలా కాలేజీల్లో స్ప్రింగ్ విత్‌డ్రా గడువు ఈద్ తర్వాతే ఉంటుంది. ముందు తేదీ చూసుకుని, సమయం ఉంటే ఈద్ అయ్యాక నిర్ణయించుకోవాలి. పరీక్ష తేదీ విషయంలో ఇబ్బందుంటే సెమిస్టరు మొదట్లోనే ప్రొఫెసరుకు మెయిలు రాయడం మంచిది.

ఇస్తిఖారా చేసుకునేవాళ్లు చేసుకుంటారు. దాంతోపాటు మష్వరా కూడా సున్నతే. కౌన్సెలర్‌తో, ఆ కోర్సు చదివిన పెద్ద పిల్లలతో, మస్జిదులో ఉన్న చదువుకున్నవాళ్లతో మాట్లాడి, వివరాలన్నీ ముందు పెట్టుకున్నాకే నిర్ణయం.

తప్పుకోవాలనుకుంటే చేయాల్సిన పనులు

- హైస్కూలు కౌన్సెలర్‌ను కలవాలి. డిప్లొమాకు, షెడ్యూలుకు ఏమవుతుందో అడగాలి.
- కాలేజీ డ్యూయల్ క్రెడిట్ ఆఫీసును కూడా కలవాలి. స్కూల్లో చెబితే కాలేజీకి చేరుతుందని అనుకోకూడదు.
- ఫారం మీద విద్యార్థి, తల్లిదండ్రులు, కౌన్సెలర్ సంతకాలు కావాలంటారు. గడువుకు వారం ముందే మొదలుపెట్టాలి.
- అయ్యాక కాలేజీ పోర్టల్‌లో డబ్ల్యూ పడిందో లేదో చూసి, ఆ పేజీని దాచుకోవాలి.
- అద్దె పుస్తకాలు, లాప్‌టాప్ ఉంటే తిరిగివ్వాలి. లేకపోతే బాకీ కింద పడి ట్రాన్‌స్క్రిప్ట్ ఆగిపోవచ్చు.

తండ్రి ఫోను చేస్తే కాలేజీవాళ్లు వివరాలు చెప్పకపోవచ్చు. అది మర్యాద లేకపోవడం కాదు. 'ఫెర్పా' అనే చట్టం ప్రకారం కాలేజీలో నమోదైన విద్యార్థి రికార్డు మీద హక్కు, వయసు ఎంతైనా, విద్యార్థిదే. కాబట్టి మాట్లాడాల్సింది, మెయిలు రాయాల్సింది పిల్లలే. అబ్బా, అమ్మీ పక్కన కూర్చుని ధైర్యం చెప్పాలి.

తిరిగి ఇక్కడ చదివించాలనుకుంటే

కొన్ని కుటుంబాలు పిల్లల్ని ఎంబీబీఎస్‌కు ఎన్‌ఆర్‌ఐ కోటాలో ఇక్కడికి పంపాలనుకుంటాయి. నీట్ తప్పదు. పన్నెండో తరగతి వరకు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ చదివి ఉండాలి. విదేశీ స్కూలు చదువుకు సమాన అర్హత పత్రం భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఇస్తుంది. అందుకని డ్యూయల్ క్రెడిట్ ఫిజిక్స్ మానేస్తే, బదులుగా హైస్కూలు ఫిజిక్స్ అయినా చేతిలో ఉండేలా చూసుకోవాలి. క్లాసు పోయినా ఫరవాలేదు, సబ్జెక్టు పోకూడదు.

గూడూరులో ఫోను పట్టుకున్న పెద్దవాళ్లు అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది. "ఎందుకు మానేస్తావు?" అని మొదలుపెడితే అటువైపు మాట ఆగిపోతుంది. "గడువు ఎప్పుడమ్మా? ఇప్పటికి మార్కులెంత?" అని అడిగితే పిల్ల కూర్చుని లెక్క చెబుతుంది. ఆ లెక్క చెప్పేటప్పుడే చాలాసార్లు ఏం చేయాలో దానికే తెలిసిపోతుంది.